ఉరి కేసు తీసుకున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వాదన ముసాయిదా చదివాను. మొదటి పన్నెండు పేజీలూ మరణశిక్షే రాజ్యాంగ విరుద్ధమని రాశావు. చదవడానికి బాగుంది. కానీ 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురి ధర్మాసనం చెల్లుతుందని తేల్చేసింది, భగవతి గారొక్కరే కాదన్నారు. దాన్ని సెషన్స్ జడ్జి దాటలేడు. అభ్యంతరాన్ని ఒక్క పేరాలో నమోదు చేసి వదిలెయ్యి.

గెలిచిన రాజ్యాంగ వాదనలు వేరు. 1983లో మిట్ఠూ కేసులో, జీవితఖైదీ హత్య చేస్తే తప్పనిసరిగా ఉరి అన్న పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 303వ సెక్షనును కొట్టేశారు. క్షమాభిక్ష అర్జీలను ఏళ్ల తరబడి తేల్చనందుకు 2014లో పలువురికి ఉరి తప్పింది. అవన్నీ ఉరిశిక్షను విధించే, అమలు చేసే తీరు మీదే, ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నదాని మీద కాదు.

బచ్చన్ సింగ్ తీర్పే ఇంకో మాట కూడా అంది: ముద్దాయి మారడని ప్రభుత్వమే సాక్ష్యంతో రుజువు చేయాలి. ప్రాసిక్యూటరును ఆ రుజువు అడిగిన వకీలును నేను మన జిల్లాలో చూడలేదు. నేనూ అడగలేదు. ఒకప్పుడు, దోషి అన్న పూటే శిక్ష మీద వింటామంటే లేచి, 'పేదవాడు, చిన్నవాడు, దయ చూపండి' అని మూడు ముక్కలు చెప్పి కూర్చున్నాను. అతని తల్లి ఉండే కొండ ఊరు బస్సు దిగి రెండు గంటల నడక. నేను వెళ్లలేదు. తరవాత కటక్ హైకోర్టులో వేరే వకీలు మనిషిని పంపి ఆమెను కలిపించాడు. ఉరి యావజ్జీవమైంది.

అందుకే నువ్వు వాయిదా అడుగు, నీ ముద్దాయి ఊరికి వెళ్లు. సవర భాష వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్లు, తెలుగులో అడిగితే 'అవును బాబూ' తప్ప ఏమీ రాదు. బడి రిజిస్టరులో పుట్టిన తేదీ చూడు, నేరం నాటికి పద్దెనిమిది నిండకపోతే ఉరే ఉండదు. ఆసుపత్రి చీటీలు, చదువు, జైల్లో నడవడిక మీద నివేదిక తెప్పించు. 2022 నాటి సుప్రీంకోర్టు మనోజ్ తీర్పు ఇవన్నీ మొదటి కోర్టులోనే రాబట్టాలంది, ఆ పేరా చదివి వినిపించు.

ఉరే పడినా హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు కాదు. ఆ ధీమాతో అప్పీలు ఆపకు, గడువు ముప్పై రోజులే.

ముసాయిదాలో ఎర్ర సిరా నాదే, కోప్పడకు. అక్కయ్యను అడిగానని చెప్పు.

మామయ్య