మాంసం ముట్టని అమ్మతో లియోన్‌కు: మేనకోడలికి ఒక ఉత్తరం

పాపా,

మామ ఆశీర్వాదాలు. అమ్మను వెంటబెట్టుకుని పారిస్ నుంచి నాలుగు రోజులు లియోన్ వెళ్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషమైంది. ఫోన్ పెట్టేశాక కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది. లియోన్ అంటే తిండికి పేరుపడ్డ ఊరు. ఆ తిండిలో ఎక్కువ భాగం పంది, పేగులు, కాలేయం. మీ అమ్మ సంగతి నీకు చెప్పనక్కర్లేదు. మాంసం ముట్టదు. గుడ్డు కేకులో కలిసిపోతే తింటుంది, కంటికి కనబడితే పళ్లెం జరిపేస్తుంది. నువ్వేమో హాస్టల్లో అన్నీ మరిగావు. ఒకే బల్ల దగ్గర మీ ఇద్దరి కడుపులూ నిండాలంటే కొంచెం ముందుచూపు కావాలి. ఆ ఊరి పొలిమేరలో ఒక రసాయనాల కంపెనీలో పదకొండేళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు రైలు సంగతి. పారిస్‌లో లియోన్ రైలెక్కే స్టేషన్ పేరే 'గార్ ద లియోన్'. అది పారిస్‌లోనే ఉంది, దాన్ని లియోన్ అనుకోవద్దు. మన పక్కింటి రెడ్డిగారబ్బాయి అలాగే అనుకుని హోటల్ వెతుక్కున్నాడు. అక్కణ్ణుంచి రెండు గంటల ప్రయాణం. పార్-దియూ స్టేషన్లో దిగు.

రెండోది టైము. దీన్ని నువ్వు తేలిగ్గా తీసుకుంటావని నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నా. మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 లోపు. రెండున్నరకు వెళ్తే పొయ్యి ఆర్పేసి ఉంటుంది. రాత్రి ఏడున్నర దాకా మళ్లీ వెలగదు. ఆదివారం, సోమవారం చాలా హోటళ్లు మూత. కొత్తలో నేనొక ఆదివారం సాయంత్రం ఊరంతా తిరిగి, చివరికి గదిలో బ్రెడ్డు, అరటిపండు తిని పడుకున్నా. మంచి హోటల్ అయితే ముందురోజే ఫోన్ చేసి బల్ల చెప్పుకోవాలి. ఇంకో సంగతి, గుమ్మం దాటగానే 'బోన్‌జూర్' అనాలి. అనకుండా నేరుగా 'ఇద్దరికి చోటుందా' అని అడిగితే వాళ్ల మొహం అక్కడే ముడుచుకుంటుంది. మనం పెద్దవాళ్ల ఇంటికెళ్లి పలకరించకుండా మంచినీళ్లడిగినట్టు ఉంటుంది వాళ్లకు.

సోన్ నది పక్కన పాత ఊరు ఉంది, సాన్ జాన్ వీధి. అందరూ అక్కడే తింటారు. మీరు మాత్రం అది చూడ్డానికే వెళ్లండి, తినడానికి వద్దు. ఆరు భాషల్లో బొమ్మలతో మెనూ బయట పెట్టి, మనిషి నిలబడి లోపలికి పిలిచే చోటికి అసలే వెళ్లొద్దు. అన్నీ చెడ్డవని కాదు. అయితే మళ్లీ రాని మనిషికి వండే వంట వేరు, రేపూ రావాల్సిన మనిషికి వండే వంట వేరు.

తిండికి కొండెక్కండి. రెండు నదుల నడుమ ఉండే ఆ కొండ పేరు క్రువా-రూస్. ఊరి నడిబొడ్డున ఓతెల్ ద విల్, అంటే టౌన్ హాలు, దగ్గర సి లైన్ మెట్రో ఎక్కితే రంపంలా పళ్లున్న పట్టాల మీద నిట్టనిలువుగా పైకి పోతుంది. అక్క మోకాళ్లకు శ్రమ లేదు. పొద్దున్నే వెళ్లండి. సోమవారం తప్పించి రోజూ అక్కడి పెద్ద వీధి పొడుగునా సంత ఉంటుంది. పండ్లు, కూరగాయలు, మేకపాల చీజు, వేడి బ్రెడ్డు. అక్క ఏ దేశమెళ్లినా సంతలో కూరగాయలు చేత్తో నొక్కి చూస్తుంది కదా, అక్కడ మాత్రం అమ్మేవాడు ఏరి ఇస్తాడు, మనం ముట్టుకోకూడదు. ముందే చెప్పు.

ఆ కొండకే ఎందుకు పంపుతున్నానో తెలుసా? అది నేతగాళ్ల కొండ. పట్టు నేసేవాళ్లను అక్కడ 'కానూ' అంటారు. 1536లో రాజు ఫ్రాన్స్వా ఆ ఊరికి పట్టు నేతకు హక్కులిచ్చాడు. 19వ శతాబ్దానికి వేల మగ్గాలు ఆ కొండమీదికి చేరాయి. మన ధర్మవరంలో మగ్గం మీద కూర్చుని ఉండే ఆ అట్టల మిషను ఉంది చూడు, జాకార్డు? ఆ పేరుగల మనిషి, జోజెఫ్ మరీ జాకార్, 1752లో లియోన్‌లోనే పుట్టాడు. చిల్లుల అట్టలతో డిజైను దానంతటదే దిగే మగ్గాన్ని 1804లో తయారుచేశాడు. మా నాన్న జీవితమంతా ఆ అట్టల చప్పుడు కిందే గడిచింది, ఆ పేరు ఒక మనిషిదని మాత్రం ఆయనకు తెలియదు. ఆ జాకార్ విగ్రహం కొండమీద మెట్రో దిగిన చోటే ఉంది.

అక్కడి ఇళ్లు చూసి అక్కకు చెప్పు. మనం నేలలో గుంట తవ్వి మగ్గం దించుకున్నాం. వాళ్లు నాలుగు మీటర్ల ఎత్తున కప్పు కట్టుకుని జాకార్డును పైకెక్కించారు. అందుకే ఆ కిటికీలు అంత పొడుగు. ఒకే గదిలో మగ్గం, దాని పక్కనే అటక, ఆ అటకమీద పడక. కూలి రేటు ఒప్పుకున్న షావుకార్లు మాట తప్పారని 1831లో ఆ నేతగాళ్లు తిరగబడ్డారు, 1834లో మళ్లీ తిరగబడ్డారు. సైన్యం దిగి అణిచేసింది. 'కూర్ దే వొరాస్' అనే పెద్ద మెట్ల కట్టడం ఒకటి ఉంది, ప్లాస్ కోల్బేర్ దగ్గర అడగండి. ఆరంతస్తుల రాతి మెట్లు లోపలి లోగిలి వైపు తెరుచుకుని ఉంటాయి. అదొక 'ట్రబూల్', అంటే ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఇళ్ల లోపలగా పోయే దారి. పట్టు తడవకుండా ఆ దారుల్లోనే మోసుకెళ్లేవారట. జర్మన్ల ఆక్రమణ రోజుల్లో తప్పించుకు తిరిగేవాళ్లకూ అవే పనికొచ్చాయి. పాత ఊళ్లో ఉన్నవి ఇంకా అందంగా ఉంటాయి. సాన్ జాన్ వీధి 54వ నంబరు తలుపు తోసి లోపలికెళితే నాలుగు లోగిళ్లు దాటి బెఫ్ వీధి 27లో తేలతారు. తలుపు పక్కన బటన్ నొక్కాలి. ఇప్పటికీ అక్కడ జనం కాపురముంటున్నారు కాబట్టి పగటిపూట, నెమ్మదిగా మాట్లాడుతూ వెళ్లండి. వీడియో కాల్ పెట్టి ఊళ్లో అందరికీ చూపించొద్దు.

ఇక తిండి. బూషోన్ అంటే లియోన్ పూటకూళ్ల ఇల్లు అనుకో. గళ్ల బట్ట పరిచిన చిన్న బల్లలు, మోచేతులు తగిలేంత దగ్గరగా జనం. ఈ వంట రాజులది కాదు. తెల్లవారకముందే మగ్గమెక్కిన కానూలు తొమ్మిదింటికి దిగి కడుపు నింపుకునేవారు, దాన్ని 'మాషోన్' అంటారు. కొనగలిగింది పేగులు, తలకాయ, కాళ్లు. వాటినే రుచిగా చేసుకున్నారు. తర్వాత 'మేర్'లు అనే ఆడవాళ్లు, ఇళ్లల్లో వంటలు చేసి సొంతంగా హోటళ్లు పెట్టుకున్నవాళ్లు, ఆ వంటకు పేరు తెచ్చారు. వాళ్లలో యుజెనీ బ్రాజియే 1933లో రెండు హోటళ్లకు మూడేసి మిషెలిన్ నక్షత్రాలు తెచ్చుకుంది. ఊరంతా దేవుడిలా చూసే వంటమాస్టరు పోల్ బోకూజ్ ఆమె వంటింట్లో పని నేర్చుకున్నవాడే.

అక్కకు అక్కడ మొదట పెట్టాల్సింది 'సెర్వెల్ ద కానూ'. పేరుకు అర్థం 'నేతగాడి మెదడు'. భయపడొద్దు, అందులో మాంసమేమీ లేదు. తాజా మెత్తటి చీజును గిలక్కొట్టి ఉల్లికాడల్లాంటి ఆకు, చిన్న ఉల్లి, వెల్లుల్లి, నూనె, కొంచెం వెనిగర్ కలుపుతారు. మన పెరుగుపచ్చడికి దూరపు చుట్టం. వేడి ఉడకబెట్టిన బంగాళాదుంపతో బ్రహ్మాండంగా ఉంటుంది. నేతగాళ్లకు గొర్రె మెదడు కొనే స్తోమత లేక దీనికే ఆ పేరు పెట్టారని కొందరు, షావుకార్లు వెటకారానికి పెట్టారని కొందరు చెబుతారు. నేను తిన్న మొదటి రోజు నవ్వుకుని, నేతగాడి కొడుకుని కాబట్టి రెండు గిన్నెలు తిన్నా.

దాంతోపాటు 'గ్రాతాన్ దోఫినువా' చెప్పండి, పాలు మీగడలో ఉడికిన బంగాళాదుంప. తర్వాత సాన్ మార్సెలాన్ చీజు, పండితే గరిటెజారుగా అయిపోతుంది. 'కెనెల్' అనేది మెత్తటి పిండి ఉండలాంటిది. మామూలుగా పైక్ చేప కలుపుతారు, చేప లేని 'నాతూర్' రకమూ ఉంటుంది. పైన పోసే ఎర్ర సాస్ రొయ్యజాతిది, అది వద్దనండి. సలాడ్ కదా అని ధీమాగా ఉండొద్దు. 'సలాద్ లియోనేజ్' అంటే ఆకుల మీద పంది మాంసం ముక్కలు, దానిమీద సగం ఉడికిన గుడ్డు. నాతో వచ్చిన ఒక శాకాహారి మిత్రుడికి పచ్చని ఆకులు కదా అని నేనే అది చెప్పించా. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఉల్లి సూపులోనూ మాంసం నీళ్లుంటాయి. ఈ మాటలు బట్టీ పట్టు: సాన్ వియాంద్, సాన్ పువాసోన్, సాన్ లార్దోన్. మాంసం లేకుండా, చేప లేకుండా, పంది ముక్కలు లేకుండా. మూడోది మర్చిపోయావో, పంది ముక్కలు వాళ్ల లెక్కలో మాంసం కాదన్నట్టు వేసేస్తారు.

నువ్వు మాత్రం 'తాబ్లియే ద సపేర్' తిను. బోటీని వైన్‌లో నానబెట్టి, బ్రెడ్ పొడి అద్ది వేయించింది. బోటీ కూర తిన్న నోటికి అది కొత్త కాదు. 'అందూయెత్' అనే పేగుల సాసేజ్ వాసన నాకు ఇప్పటికీ పడదు, దాన్ని అక్క ఎదురుగా తెప్పించొద్దు. వెనిగర్ కోడి, మీగడ కోడి ఏ రోజైనా మంచివే.

నువ్వు వైన్ తాగుతావో లేదో నేనడగను, అక్క ముందు నువ్వూ చెప్పొద్దు. తాగితే మాత్రం సీసా వద్దు, 'పో' అడుగు. దళసరి అడుగున్న 46 సెంటీలీటర్ల గాజు సీసా, అందులో ఊరికి ఉత్తరాన కొండల్లో పండే బోజొలే పోసి తెస్తారు. కూలీలకు వారానికి అర లీటరు ఇవ్వాల్సిన యజమానులు నాలుగు సెంటీలీటర్లు కొట్టేశారని, అందుకే ఆ కొలత అని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. లియోన్‌కు మూడు నదులు, రోన్, సోన్, బోజొలే అని ఇంకో జోకు. మంచినీళ్లకు డబ్బు పెట్టొద్దు, 'యూన్ కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్లు ఊరికే తెస్తారు. కాఫీ అంటే చిన్న చేదు గుటక వస్తుంది. అక్కకు 'కఫే క్రేమ్' చెప్పు, అదైనా మన ఫిల్టర్ కాఫీ కాదు, ముందే మనసు సిద్ధం చేసుకోమను.

తీపిలో గులాబీ రంగు ప్రలీన్లు, పంచదార పాకం పట్టిన బాదంపప్పులు. వాటితో చేసిన ఎర్రటి టార్ట్ ఊరంతా దొరుకుతుంది. పళ్లకు అతుక్కుంటుంది, అయినా వదలొద్దు. పార్-దియూ దగ్గర బోకూజ్ పేరుమీదున్న పెద్ద 'ఆల్', కప్పున్న మార్కెట్, ఒకసారి తిరిగి రండి. ధరలు ఎక్కువ, నేనైతే చీజు మాత్రం కొంటా. సోమవారం మూసి ఉంటుంది. అన్నం మీద బెంగ పుడితే గియోతియేర్ పేటలో ఆసియా, అరబ్ దుకాణాలున్నాయి.

ఫూర్వియేర్ కొండమీద తెల్ల చర్చి దగ్గరికి పాత ఊరి నుంచి తాడు రైలు పోతుంది. పైనుంచి రెండు నదులూ, ఎర్ర కప్పులూ కనిపిస్తాయి. గాలి తేటగా ఉంటే దూరంగా ఆల్ప్స్‌లోని మోన్ బ్లాన్ మంచుకొండ కూడా. అది కనబడితే రేపు వాన అని నాతో పనిచేసినవాళ్లు అనేవాళ్లు. పక్కనే రోమన్ల నాటి థియేటర్, టికెట్ లేదు, మెట్లమీద కూర్చుని తెచ్చుకున్న బ్రెడ్డు తినొచ్చు. ఈ ఊరు క్రీ.పూ. 43లో వాళ్లు కట్టిందే. కొత్త కట్టడాల కోన్‌ఫ్లువాన్స్ వైపు నాకు పెద్దగా పట్టలేదు, నీకు టైముంటే వెళ్లు. మోన్‌ప్లెజీర్ అనే పేటలో మాత్రం ఒక పూట గడపండి. లూమియేర్ అన్నదమ్ములు 1895లో కార్మికులు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొస్తుంటే తీసిన సినిమా అక్కడిదే. ఆ వీధి పేరే 'మొదటి సినిమా వీధి'. మొదటి రోజు మొదటి ఆట తప్పనివ్వని మీ అమ్మకు ఇది చూపించకపోతే ఎలా?

గిన్యోల్ బొమ్మలాట దొరికితే చూడండి. పని పోయిన ఒక నేతగాడు, లోరాన్ మూర్గే, పళ్లు పీకే వృత్తిలోకి దిగి, జనాన్ని పోగేయడానికి బొమ్మలాడించాడు. ఆ బొమ్మల్లో గిన్యోల్ ఒకడు. చేతికి తొడుక్కునే బొమ్మ అది, మన నిమ్మలకుంట తోలుబొమ్మలంత అందం లేదు. నోటి దురుసు మాత్రం మన కేతిగాడిదే.

చివరి రోజుకు ఒకటి మిగల్చండి. క్రువా-రూస్‌లో 'మెజోన్ దే కానూ' అని పాత మగ్గాలున్న ఇల్లుంది, మనిషి కూర్చుని నేసి చూపిస్తాడు. మీ అమ్మ పెళ్లికి ముందు ఆరేళ్లు జాకార్డు కింద కూర్చుని నేసింది. నాడె ఆగినప్పుడు పోగు ఎక్కడ తెగిందో చప్పుడును బట్టే చెప్పేది. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టు. వాళ్ల నేత చూసి ఏం వంక పెట్టిందో ఫోన్లో కాదు, రాసి పంపు. వచ్చేటప్పుడు అర కిలో ప్రలీన్లు తేవడం మర్చిపోవద్దు.

మీ మామ