పన్ను దవడ ఎముకకు అతుక్కుని ఉంటుందా?

సంక్రాంతికి సకినం కొరికితే పన్ను కాస్త అదిరిందని, అది ఎముకకు అతుక్కుని ఉండదా అని అడిగారు. ఉండదు. పన్ను వేరుకీ దవడ ఎముక గుంటకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందు నిండా సన్నటి నారపోగులు. వీటినే పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. నులక మంచంలా ఇవి బరువును ఆపుకుంటాయి. అన్నంలో చిన్న రాయి తగిలినా ఠక్కున తెలిసేది చాలావరకు వీటిలోని నరాల వల్లే. క్లిప్పులు పెడితే పన్ను జరిగేదీ ఇవి ఉండబట్టే.

ఈ పోగుల ఒక కొస ఎముకలో, రెండో కొస వేరు మీది సిమెంటమ్ పొరలో నాటుకుని ఉంటుంది. పైన చిగురు కాలరులా పన్నును చుట్టుకుంటుంది.

ఇక పన్ను సంగతి. బయటి ఎనామిల్ శరీరంలోకెల్లా గట్టిది, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కానీ అందులో జీవకణాలు ఉండవు, అరిగితే మళ్లీ పుట్టదు. దాని కింద డెంటిన్. అందులోని సన్నటి గొట్టాల వల్లే చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది. నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే గుజ్జు.

హన్మకొండలో మా ఇంట్లో పిండి కుదరని ఏడాది సకినాలు రాళ్లే, కాబట్టి ఒక్కసారి అదిరితే టెన్షన్ పడకండి. వేలితో తాకితేనే పన్ను కదులుతుంటే మాత్రం గార పేరుకుని చిగురు కింద ఎముక తరిగి ఉండొచ్చు. అప్పుడు డెంటిస్ట్‌కు చూపించండి.