ఆడో మగో చెప్పి తీరాలా?

ప్రశ్న: మిద్దెతోటల ఆన్‌లైన్ బృందంలో ఇంటిపేరుతోనే సలహాలిస్తున్నాను. అందరూ ‘అన్నా’ అని పిలుస్తున్నారు. స్త్రీనని చెప్పకపోవడం మోసమవుతుందా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముమ్మాటికీ కాదమ్మా. ఉప్పుగాలికి అంచులు మాడిన బెండ ఆకులకు మీరు చెప్పిన ఉపాయం పనిచేసిందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం గానీ, చెప్పినవారు ఆడో మగో కాదు. పైగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తీర్పునిచ్చింది. ఆ పిలుపు మనసుకు ఇబ్బందిగా ఉంటే నిస్సంకోచంగా చెప్పండి, మౌనంగా ఉండిపోతున్న మరికొందరు స్త్రీలకు అది ధైర్యాన్నిస్తుంది కూడా. ఫోన్ నంబరు, వీధి పేరు మాత్రం ఇవ్వకండి. వద్దని స్పష్టంగా చెప్పినా ఏ మగవాడైనా వెంటపడి సందేశాలు పంపుతుంటే, అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం కనుక, స్క్రీన్‌షాట్లు భద్రపరచి నగర సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయండి.