ఆ ఎర్ర చుక్క వెలిగితే ఎవరైనా లేస్తారా?

ఒరేయ్ అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి వీడు రాత్రి రెండింటిదాకా కంప్యూటర్ ముందే ఉంటున్నాడు నువ్వైనా చెప్పరా తమ్ముడూ అంది, పడుకోమంటే ఎలాగూ వినవు కాబట్టి మీ కాలేజీ ల్యాబ్‌లో ఏ కంప్యూటర్ నడుస్తోందో ఏది ఆగిందో చూపించే నీ ప్రాజెక్ట్ గురించే చెప్తా. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశా, 60 సిస్టమ్స్, పచ్చ చుక్కలు, ఎర్ర చుక్కలు, తిరిగే మీటర్లు, బానే ఉంది. నేను అడిగేది ఒక్కటే, ఆ ఎర్ర చుక్క వెలిగితే ల్యాబ్ అటెండర్ కుర్చీలోంచి లేస్తాడా లేవడా?

ఎందుకంటున్నానంటే నేను ల్యాబ్ చూసుకునే రోజుల్లో ఇలాంటిదే ఒకటి రాశా, ఒక్క పింగ్ (నెట్‌వర్క్‌లో ‘ఉన్నావా’ అని అడిగే పలకరింపు) మిస్సయినా నా ఫోన్‌కి ఎస్సెమ్మెస్ వచ్చేలా పెట్టా. ఓ మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టానో లేదో టింగ్ టింగ్ మని వరసగా 30 మెసేజ్‌లు, కంచం వదిలేసి పరిగెత్తుకెళ్తే సిస్టమ్స్ అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి, ఊడ్చే ఆవిడ చీపురు తగిలి మూల టేబుల్ కింద, సిస్టమ్స్‌ని నెట్‌వర్క్‌కి కలిపే స్విచ్ పెట్టె ప్లగ్ ఊడింది అంతే. అలాంటివి ఇంకో రెండు మూడు అయ్యాక మెసేజ్‌లు చూడ్డమే మానేశా, అప్పుడే సర్వర్ డిస్క్ నిజంగా నిండిపోయింది. మెసేజ్ వచ్చింది, నేనే చూడలేదు.

అందుకని ముందు ఏ సిస్టమ్ ఏ స్విచ్ వెనకాల ఉందో పేపర్ మీద గీసుకో. స్విచ్ పోతే వెనకున్న 30 గురించి గోల చెయ్యకుండా స్విచ్ పోయింది అని ఒక్క ముక్క చెప్పాలి, నాగియోస్ అనే ఇలాంటి నిఘా సాఫ్ట్‌వేర్‌లో డౌన్ (అదే ఆగింది) వేరు అన్‌రీచబుల్ (దాని దాకా దారి లేదు) వేరు అని పెట్టింది ఇందుకే. మీ ల్యాబ్‌లో ఉన్నవి మామూలు చవక స్విచ్‌లైతే వాటికి ఐపీ (నెట్‌వర్క్‌లో అడ్రస్) ఉండనే ఉండదు, పింగ్ చెయ్యలేవు, ఆ వరసంతా ఒకేసారి మాయమైతే స్విచ్చే అనుకోవడం తప్ప దారి లేదు. మేనేజ్‌డ్ స్విచ్ (ఐపీ ఉన్న రకం) దొరికితే ఎస్ఎన్ఎంపీతో, అంటే పరికరాల్ని వాటి హాలు అడిగే పద్ధతితో అడగొచ్చు, పోర్ట్ నంబర్ 161, అందులో పాస్‌వర్డ్‌లా పనిచేసే కమ్యూనిటీ పేరు మాత్రం ‘పబ్లిక్’ అని వదిలెయ్యకు, అది ఊరందరికీ తెలిసిన తాళంచెవి.

పింగ్ మీద కూడా మరీ నమ్మకం పెట్టుకోకు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌ని ఆపేస్తుంది, సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది నీ చుక్క ఎర్రగా ఉంటుంది. పైగా విండోస్ పింగ్ 4 సార్లు అడుగుతుంది, జవాబు రాకపోతే ఒక్కోసారి 4 సెకన్ల దాకా ఆగుతుంది, 60 సిస్టమ్స్‌నీ ఒకదాని తర్వాత ఒకటి అడిగావనుకో, అన్నీ ఆఫ్‌లో ఉన్న రోజు ఒక రౌండ్‌కే 16 నిమిషాలు పట్టొచ్చు. త్రెడ్స్ వాడు, అన్నిటినీ ఒకేసారి అడగొచ్చు. వరసగా మూడుసార్లు పలక్కపోతేనే ఎర్ర చెయ్. ఐపీని బట్టి గుర్తుపట్టకు, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ వల్ల రేపు మారిపోద్ది, నెట్‌వర్క్ కార్డుకే ఉండే మ్యాక్ అడ్రస్ పట్టుకో.

5 సెకన్లకోసారి డేటా తీస్తానన్నావు కదా, లెక్కేశావా? 60 సిస్టమ్స్‌కి డేటాబేస్‌లో రోజుకి 10,36,800 వరసలు రా బాబూ! ఇంగ్లండ్‌లో డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో టోబియాస్ ఓటికర్ అనే ఆయన, వాళ్ళకి బయటికెళ్ళే 64 కిలోబిట్ లైను ఒక్కటే ఉంటే అది ఎంత నిండుతోందో చూపించడానికి ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రామ్ రాశాడు, 1995లో బయటికొచ్చింది. అది 5 నిమిషాలకోసారి కొలిచి పాత లెక్కల్ని సరాసరి చేసి కుదించేస్తుంది, ఫైలు ఊరికే పెరగదు. పింగ్ సంగతి వేరు, డిస్క్ లాంటి లెక్కలకి నువ్వూ అదే చెయ్, డిస్క్ నిండడం సెకన్లలో జరిగే పని కాదు.

ఎవడేం టైప్ చేస్తున్నాడో చూసే ఫీచర్ పెడదామనుకుంటున్నావట, అది తీసెయ్. మీ క్లాస్‌మేట్స్ మెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ నీ డేటాబేస్‌లో పడతాయి, నీకెందుకా గొడవ. సీపీయూ, ర్యామ్, డిస్క్ చాలు.

ఇంకోటి, నీ ప్రోగ్రామే ఆగిపోతే? చుక్కలన్నీ హాయిగా పచ్చగా అలాగే కూర్చుంటాయి. పైన ఆఖరి అప్‌డేట్ టైమ్ పెద్దక్షరాల్లో పెట్టు, నిమిషం దాటితే స్క్రీనంతా బూడిద రంగులోకి పోవాలి. వైవాకొచ్చే ఎక్స్‌టర్నల్ ముందు చేసే పని ల్యాన్ కేబుల్ పీకడమే, ఎర్ర అవడానికి ఇంతసేపు ఎందుకు పట్టింది అంటాడు, అప్పుడు ఆ మూడుసార్ల సంగతి చెప్పు.

ఆదివారం ఇంటికి రా, అటక మీద నా పాత 8 పోర్టుల స్విచ్ ఒకటుంది, అందులో ఆరో పోర్ట్ ఒకసారి పనిచేస్తుంది ఒకసారి చెయ్యదు, నీ టెస్టింగ్‌కి అలాంటిదే కావాలి.

మీ మావయ్య