చిన్నీకి, నీ మూడు రంగుల పిల్లి గురించి

కావలి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. నలుపు, తెలుపు, నారింజ మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి అది దాదాపు ఆడదే. మూడు రంగుల పిల్లుల్లో మగది పుట్టడం చాలా అరుదు. కాబట్టి రాజుగాడు అని పెట్టిన పేరు అలవాటు కాకముందే మార్చెయ్యి.

రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. మీ అత్తయ్యగారు పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారనీ, ఆస్పత్రిలో పక్కన కూర్చున్నావిడ కూడా కడుపుతో ఉన్నప్పుడు పిల్లి ఇంట్లో ఉండకూడదని భయపెట్టిందనీ అన్నావు. ముందు ఆ సంగతే చూద్దాం.

ఆ భయం ఉత్తదేమీ కాదు, కాకపోతే దాని వెంట్రుకల గురించి కాదు, పెంట గురించి. టాక్సోప్లాస్మా అనే క్రిమి ఒకటుంది. పచ్చి మాంసమో, ఎలుకనో తిన్న పిల్లికి అది అంటుకుంటుంది. మామూలుగా జీవితంలో ఒక్కసారి, ఒకటి రెండు వారాలపాటు పెంటలో బయటికి పోతుంది. అలా పోయింది కూడా వెంటనే మనకు అంటుకోదు, కనీసం ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి ఐదు రోజులు. అంటే అది పెంటకు పోయే తొట్టి రోజూ శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు అక్కడే పోతుంది. ఆ పని నువ్వు చెయ్యొద్దు, మీ ఆయనకు అప్పజెప్పు. పొద్దున ఆఫీసుకు పోయేముందు రెండు నిమిషాల పని. అతను ఊళ్లో లేని రోజు చేతికి తొడుగు వేసుకుని చేసి, సబ్బుతో బాగా కడుక్కో. పిల్లికి పచ్చి మాంసం పెట్టకు, ఎలుకల వెంట బయట తిరగనివ్వకు. అసలు ఈ క్రిమి మనుషులకు పిల్లిని ఎత్తుకోవడం వల్ల రావడం తక్కువ. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, మట్టిలో పెట్టిన చేతులు, ఇవే ఎక్కువ దారులు. డాక్టరమ్మకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పు, అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తుంది.

అత్తయ్యగారి సంగతికి వస్తే, ఆవిడతో వాదన పెట్టుకోకు. సాయంత్రం పూట పిల్లికి తిండి పెట్టే పని ఆవిడకు ఇవ్వు. "నాకు వాసన పడటం లేదు అత్తయ్యా, కాస్త మీరు పెడతారా" అను. వేవిళ్లలో ఉన్నావు కదా, అబద్ధం కూడా కాదు. పదిరోజులు అది ఆవిడ కాళ్ల చుట్టూ తిరిగితే తర్వాత ఇచ్చెయ్యమనేది ఎవరో చూద్దాం. మా అత్తగారు కూడా పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకుని కూర్చునేవారు. ఆఖరికి మా ఇంటి పిల్లి మాత్రం ఆ లెక్కలోకి రాదని తేల్చారు.

తిండి. పిల్లి అంటే పాలు అని మనందరికీ ఒక నమ్మకం. తల్లి దగ్గర పాలు మానేశాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలు పడతాయి. నీదానికి మూడు నెలలు అంటున్నావు కాబట్టి పాలు అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. నీళ్లు కూడా గిన్నె పక్కనే పెట్టకు. వేరే చోట రెండు మట్టి మూకుళ్లలో పెట్టు, అవి నీళ్లు తాగేది అసలే తక్కువ.

మన ఇళ్లల్లో పెద్ద తప్పు పులుసన్నం. చేపలపులుసు చేసిన రోజు కంచంలో మిగిలింది కలిపి పిల్లికి పెడతాం. అందులో ఉల్లిపాయ, వెల్లుల్లి పడతాయి కదా, ఆ రెండూ పిల్లి రక్తాన్ని విరిచేస్తాయి, ఉడికినా సరే. పులుసు వండేముందే నాలుగు ముక్కలు పక్కకు తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, ముల్లు తీసి పెట్టు. ఇక్కడ తుమ్మలపెంట నుంచి చేపలు తెచ్చే ఆమె వీధి మొదట్లో కేక వేస్తుందో లేదో, మా పిల్లి రంగడు గోడ దిగి గేటు దగ్గర కూర్చుంటాడు. నా గొంతుకు ఏనాడూ అంత మర్యాద ఇవ్వలేదు. ఆమె ఊరికే ఒక కవళ్ల చేప విసరబోతుంది, నేను వద్దంటాను. పచ్చి కవళ్లు రోజూ తింటే ఒంట్లో బి1 విటమిన్‌ను తినేస్తాయి. ఉడికిస్తే ఆ బాధ లేదు. అయినా ఒక్క చేపతోనే పెంచకు. కోడిమాంసం ఉడకబెట్టి పెట్టు, ఎదిగే వయసు కాబట్టి పిల్లిపిల్లల కోసం అమ్మే ప్యాకెట్ తిండి ముఖ్యంగా పెట్టు. టారిన్ అని ఒకటి వాటికి తప్పనిసరి, అది లేకపోతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. ఉత్త పెరుగన్నంతో పెరిగే జీవి కాదది.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. రంగడికి ముందు మా ఇంట్లో బూచి ఉండేది, నీకు గుర్తుందో లేదో, ఒక చెవి చిరిగి ఉండేది. ఒకరోజు గోడమీద పిల్లులతో పోట్లాడి వచ్చి మంచం కింద ముడుచుకుంది. చెవులు పట్టుకుంటే వేడిగా ఉన్నాయి. జ్వరం అనుకున్నాను. మీ పెదనాన్న జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్లలో పావు ముక్క నలిపి, పాలల్లో కలిపి తాగించాను. చిన్నపిల్లలకు ఇస్తాం కదా, పిల్లికేం అవుతుందిలే అనుకున్నాను. సాయంత్రానికి మూతి వాచింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు ఎర్రగా లేవు, కాఫీ డికాషన్ రంగులో ఉన్నాయి. బుట్టలో పెట్టుకుని పరిగెత్తాం. ఏం వేశావమ్మా అని అడిగితే చెప్పాను. డాక్టరు చేతిలోది కింద పెట్టేశాడు. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి లివర్‌కు లేదట, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా అయిపోతుందట. వెంటనే తెచ్చి ఉంటే విరుగుడు పనిచేసేదేమో. తెల్లారేసరికి పోయింది. నా చేత్తోనే ఇచ్చాను.

అందుకని మనుషుల మందు ఏదీ, పావు బిళ్ల కూడా వెయ్యకు. కుక్కల పేలకు, గోమార్లకు పూసే మందు కూడా దానికి పుయ్యకు, కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. ఇల్లు తుడిచే ఫినాయిల్ విషయంలో కూడా జాగ్రత్త. తడినేల మీద నడిచి, ఆ కాళ్లు నాక్కుంటుంది. దాని తొట్టిని సబ్బుతో, వేణ్ణీళ్లతో కడిగి ఎండలో పెడితే చాలు. కలరా ఉండలు బీరువాలోనే ఉండనీ, కింద దొర్లనివ్వకు.

మందు వద్దన్నానని ఊరికే చూస్తూ కూర్చోమని కాదు. పిల్లి నొప్పి చెప్పదు, దాచుకుంటుంది. అందుకే రోజూ ఒక్కసారి చూడు. గిన్నెలో ఎంత మిగిలింది, తొట్టిలో ఉచ్చ గడ్డలు ఎన్ని, రోజూ పడుకునే చోటే పడుకుందా, ఒళ్లు నాక్కుంటోందా. ఒకరోజంతా ముద్ద ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యి. రెండు మూడు రోజులు పస్తుంటే లివర్‌కు కొవ్వు పడుతుంది. మగపిల్లి తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పొయ్యకపోతే అది మలబద్ధకమని అనుకుని కూర్చోకూడదు, అదే పూట తీసుకుపోవాలి. నీది ఆడది కాబట్టి ఆ టెన్షన్ తక్కువ. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉంటుంది.

పూలు కట్టేటప్పుడు దాన్ని గదిలో పెట్టి తలుపు వెయ్యి. అత్తయ్యగారు రోజూ మల్లెలు కడతారు కదా. వేలాడే దారం కొస చూస్తే పిల్లి ఊరుకోదు. దాని నాలుక మీద లోపలికి వంగిన ముళ్లుంటాయి, నోట్లోకి పోయిన దారం వెనక్కి రాదు. ఒక కొస ఎక్కడో తట్టుకుని, రెండో కొస పేగులోకి పోతే, పావడా బొందు లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగు కుచ్చులు పడి తెగుతుంది. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం కనిపిస్తే లాగొద్దు. నేరుగా డాక్టరు దగ్గరికే. మా వీధిలో ఒకరు లాగారు. ఎందుకులే, వద్దు.

టీకాలు మీ ఊళ్లో పశువుల ఆస్పత్రిలోనే వేయించు. ఒంగోలు గిత్తలకు సూదులు వేసిన చేతులు, నీ గుప్పెడు పిల్లిని చూసి నవ్వుతారేమో, నవ్వనీ. మూడు రోగాలకు కలిపి వేసేది ఒకటి, నెలలోపు మళ్లీ ఒకసారి. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్‌ది కూడా వేస్తారు, తర్వాత ఏడాదికోసారి. జూలై 6న పశువుల ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఊరికే వేస్తుంటారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసింది ఆ రోజే. ఆటలో గోరు గీరుకున్నా పదిహేను నిమిషాలు సబ్బుతో, కుళాయి కింద కడిగి, డాక్టరమ్మకు చూపించు. కడుపుతో ఉన్నా ఆ టీకా వేసుకోవచ్చు.

ఆపరేషన్ గురించి కూడా ఇప్పుడే అనుకోండి. నాలుగైదు నెలలకే అది ఎదకు వస్తుంది. రాత్రంతా పసిపిల్ల ఏడ్చినట్టు అరుస్తుంది, నీకు నిద్ర ఉండదు. ఒక్క ఈతన్నా ఈననివ్వాలి అంటారు, అలాంటి అవసరం ఏమీ లేదు. రెండు నెలల చిల్లరకే ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ కట్టుతుంది. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు గానీ, బుట్ట పట్టుకుని పదిహేను ఇళ్లు తిరిగింది నేను.

ఎండాకాలం మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పితే తడిగుడ్డతో తుడిచి చల్లటి గదిలో పెట్టు, తగ్గకపోతే డాక్టరు. బిడ్డ పుట్టేముందు నెలరోజులు ఉయ్యాల కట్టి, ఆ గది తలుపు వేసి ఉంచు. లేకపోతే అందులో మొదట పడుకునేది రాజమ్మే. పేరు నేనే మార్చేశాను చూడు.

శనివారం మీ పెదనాన్న రైల్లో వస్తున్నారు. మామిడికాయ ముక్కల పచ్చడి, అత్తయ్యగారికి కనకాంబరాల నారు, నువ్వు నోరూరుతోందన్నావని ఎండు నెత్తళ్లు పంపుతున్నాను. నెత్తళ్ల మూట సంచి అడుగున ఉంటుంది, విప్పేముందు పిల్లిని గది బయట పెట్టి తలుపు వేసుకో. ఉప్పు చాలా ఎక్కువ, ఎంత అరిచినా ఒక్కటి కూడా పెట్టకు.

మీ పెద్దమ్మ