బరువు తగ్గేదాకా మాత్రలు ఆపవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు, నడుము చుట్టుకొలత 112. ఈమధ్య పరీక్షల్లో బీపీ 148/94, చెడు కొలెస్టరాల్ 162 వచ్చాయి. షుగర్ లేదు, గుండె జబ్బూ లేదు. రెంటికీ మాత్రలు రాశారు. బరువు తగ్గితే అన్నీ అవే సర్దుకుంటాయి కదా అని మాత్రలు మొదలుపెట్టలేదు. బరువు తగ్గడానికి వారానికొకసారి తీసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ గుండెనూ కాపాడుతుందట. నిజమేనా?

జవాబు: ముందు మీ బీపీ ఏ పట్టీతో చూశారో కనుక్కోండి. లావు చేతికి మామూలు పట్టీ బిగిస్తే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, పెద్ద పట్టీతో మళ్లీ చూపించుకోండి. అప్పుడూ అంతే వస్తే ఇక ఆగకండి. కొలెస్టరాల్ మాత్ర వాయిదాకు ఈ సాకు కూడా లేదు.

బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, తగ్గింది నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. అన్నాళ్లూ రక్తనాళాలు మీకోసం ఆగవు. పై బీపీ 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు పదో వంతు తగ్గుతాయి. చెడు కొలెస్టరాల్ 39 పాయింట్లు తగ్గితే ఐదో వంతు. తూకం యంత్రంలో ముల్లు కదలకపోయినా ఈ లాభం మీదే.

షుగర్ ఉన్న 5,145 మంది స్థూలకాయులతో అమెరికాలో లుక్ అహెడ్ అనే అధ్యయనం చేశారు. తిండి, వ్యాయామాలతో బరువు తగ్గించి దాదాపు పదేళ్లు గమనించినా గుండెపోట్లు, పక్షవాతాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అలాగని బరువును వదిలేయమనడం లేదు. 5 నుంచి 10 కిలోలు తగ్గినా బీపీ దిగుతుంది, అప్పుడు ఆ మాత్ర మోతాదు తగ్గించవచ్చేమో మీ డాక్టరును అడగండి. నడుము కూడా కొలుస్తూ ఉండండి: అది ఎత్తులో సగం, అంటే మీకు 84 దాటకూడదు. గుండెకు ఎక్కువ చేటు చేసేది పొట్ట లోపలి కొవ్వే.

ఇంజెక్షన్ మాట నిజమే. 2023లో వెలువడిన సెలెక్ట్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. కానీ అందులో ఉన్న 17,604 మందికీ అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉంది. మీకు లేదు. ఆ 20 శాతాన్ని మీ ఖాతాలో వేసుకోకండి.

మీరు రాయని సంగతి ఒకటి: నిద్ర. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందేమో ఇంట్లోవాళ్లను అడగండి. అవునంటే నిద్ర పరీక్ష చేయించుకోండి, మొండి బీపీకి అదీ ఒక కారణం.