టెక్ సందేహాలు: కెమెరా తర్వాత కొందురు గానీ, ముందు మైకు చూడండి

ప్రశ్న: కళింగపట్నం బీచ్‌లో ఫోన్‌తో పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. బొమ్మ బాగా వచ్చింది కానీ మాటలు వినబడడం లేదు, అంతా గాలి హోరే. చేతిలో 40 వేలున్నాయి. మంచి కెమెరా చెప్పండి.
- ఒక పాఠకుడు, ఆమదాలవలస

బొమ్మ బాగుందని మీరే అంటున్నారు, ఇక కెమెరా ఎందుకండీ? ఎంత పెట్టి కొన్నా దాని లోపలి మైకు కూడా ఇదే హోరు పట్టుకొస్తుంది. మైకు నోటికి దూరంగా ఉండడమే అసలు చిక్కు. ఆరడుగుల దూరాన్ని మూడడుగులు చేస్తే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అదే చొక్కా గుండీకి పెడితే జానెడు దూరమే.

వైర్‌లెస్ మైకులు ఉన్నాయి కానీ, మొదటి సినిమాకి మామూలు వైరు కాలర్ మైకు చాలు. దాన్ని నటుడి జేబులో ఇంకో ఫోన్‌కి తగిలించి రికార్డర్ యాప్ ఆన్ చేయండి. ఆ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే మంచి సీన్ మధ్యలోనే ఎవరో ఒకరు కాల్ చేస్తారు. షాట్ మొదట్లో కెమెరా ముందు గట్టిగా ఒక చప్పట కొట్టండి. ఎడిటింగ్‌లో బొమ్మనీ శబ్దాన్నీ కలపడానికి అదే గుర్తు. మొదట్లో కలిసి, పోనుపోనూ పెదాలు ఒకలా మాట ఒకలా అయితే, ఫోన్ ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే బొమ్మల లెక్కను, మార్చుకుంటూ తీసిందేమో చూడండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి ఫైలు మార్చుకోండి.

ఇక గాలి. మైకుతో వచ్చే స్పాంజి తొడుగు ఫ్యాను గాలికి సరిపోతుందేమో గానీ సముద్రం దగ్గర ఆగదు. బొచ్చు తొడుగు కొనండి. సరుగుడు తోటలోకి వెళ్తే గాలి తగ్గుతుందనుకుంటారు, కానీ ఆ చెట్లే ఈల వేస్తాయి. దానికంటే తెల్లవారుజామునే షూటింగ్ పెట్టుకోండి. సముద్రపు గాలి ఎండ ముదిరాక ఊపందుకుంటుంది. పైగా మనది తూర్పు తీరం. పొద్దున్నే నటుణ్ణి సముద్రం వైపు తిప్పి నిలబెడితే ముఖం మీదికి వెలుగు ఊరికే వస్తుంది.

ఇప్పటికే తీసినదానికి? అద్దాలు ఎత్తి, ఇంజిన్ ఆపిన కారులో కూర్చోబెట్టి డైలాగులు మళ్లీ చెప్పించండి. అంతకంటే చవకైన డబ్బింగ్ థియేటర్ లేదు.

ఇదంతా తెలిసిన నేనే పలాసలో ఒక జీడిపప్పు కార్మికురాలితో గంటసేపు మాట్లాడి, రికార్డర్ బటన్ నొక్కలేదని ఇంటికొచ్చాక చూసుకున్నాను. ఎర్ర చుక్క వెలిగిందో లేదో చూశాకే మొదటి ప్రశ్న అడగండి.

ప్రశ్న: బొబ్బిలి వీణలు చేసేవారి మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను. షెడ్డులో ట్యూబులైట్ల కింద తీస్తే వీడియోలో నల్ల చారలు కదులుతున్నాయి. ఫోన్ పాడైందా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్, అంటే ఒక్కో బొమ్మకి కెమెరా వెలుగు పట్టే సమయం, దానితో కుదరకపోతే చారలొస్తాయి. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టండి, ఫ్రేమ్ రేటు 25 ఉంచండి. ఫోన్‌లో ఆ సౌకర్యం లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ప్రయత్నించండి. అది ఉచితం. ఐఫోన్‌కి 2023లో వచ్చింది, 2024 నుంచి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉంది. పనస దుంగ మీద ఉలి పడి పొట్టు ఎగిరే స్లో మోషన్ షాట్ మాత్రం ఆ లైట్ల కింద వద్దు, వాకిట్లో ఎండలో తీయండి.

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో డావిన్సీ రిజాల్వ్ ఆగి ఆగి నడుస్తోంది. కొత్తది కొనాలా?
- ఒక విద్యార్థి, శ్రీకాకుళం

ఆ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 16 జీబీ ర్యామ్ అడుగుతుంది, అది నిజమే. కొనేలోపు ఒక పని చేయండి. మీడియా పూల్‌లో, అంటే క్లిప్పులు కనిపించే ప్యానెల్‌లో, అన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, జనరేట్ ప్రాక్సీ మీడియా నొక్కండి. తేలికపాటి నకళ్లు తయారవుతాయి, వాటితో కోతలు పూర్తి చేసుకోండి. ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచే అవుతోందో లేదో చూసుకోండి. నకళ్లు తయారవడానికి టైమ్ పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి, ఛార్జర్ తీయకండి.